నేర విశ్లేషణతో పోలీసులు దొంగతనాలను నిజంగా ఆపగలరా?

ఎఫ్‌ఐఆర్‌లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కాయి కదా, దొంగతనాలు ఎందుకు ఆగడం లేదని అడిగారు. దొంగతనాలు ఏ వేళ, ఎక్కడ, ఎలా జరుగుతున్నాయో ఆ సమాచారంలో వెతకడమే నేర విశ్లేషణ. అది చూసి రాత్రి గస్తీ మారితేనే ఆగుతాయి. తాళం వేసిన ఇళ్ల దొంగతనాలనే తీసుకుందాం.

ఈ విశ్లేషణ ఎక్కువగా దెబ్బతినేది సమయం దగ్గర. ఎఫ్‌ఐఆర్‌లో నేరం జరిగిన సమయం వేరు, స్టేషన్‌కు సమాచారం అందిన సమయం వేరు. రెండోది పట్టుకుంటే దొంగలంతా సోమవారం పొద్దునే పడుతున్నట్టు చార్టు వస్తుంది. ఊరెళ్లినవాళ్లు తిరిగొచ్చి ఫిర్యాదు చేసేది అప్పుడు మరి! శుక్రవారం రాత్రి 8కి తాళం వేసి సోమవారం పొద్దున 6కి వచ్చి చూస్తే మధ్యలో 58 గంటలు. ఆ ఒక్క కేసును గంటకు 1/58 వంతు చొప్పున పంచాలి. రాత్రి 10 నుంచి 6 లోపు జరిగిందని తెలిస్తే గంటకు 1/8. మూడు నెలల కేసులు ఇలా గంటలవారీగా కూడితే అసలు ఏ వేళ గస్తీ కావాలో తేలుతుంది.

తర్వాత చోటు. 'గుడి వెనక మూడో వీధి' అనే చిరునామా దొరక్క సాఫ్ట్‌వేర్ పిన్‌కోడ్ ప్రాంతం నడుమ చుక్క పెట్టేస్తుంది. ఒకే చుక్క మీద పదుల కేసులు కనిపిస్తే నమ్మకండి. కానిస్టేబుల్ గుమ్మం ముందు నిలబడి ఫోన్‌లో లొకేషన్ తీసుకోవాలి. నేరం చేసిన తీరు కూడా విడిగా రాయాలి: గడియ కోశారా, కిటికీ ఊచలు వంచారా, వెండి వదిలేసి బంగారమే పట్టుకెళ్లారా? ప్రతి కేసులోనూ 'గుర్తు తెలియని వ్యక్తులు తాళం పగలగొట్టి' అనే రాస్తే పక్క స్టేషన్ కేసుతో కలిపి చూడటం కుదరదు.

ఒక ఇంట్లో దొంగలు పడ్డాక చుట్టుపక్కల ఇళ్లకు కొన్ని వారాలపాటు ముప్పు పెరుగుతుందని చాలా దేశాల అధ్యయనాల్లో తేలింది. దారులు, వాచ్‌మన్ నిద్రపోయే వేళ దొంగలకు అప్పటికే తెలుసు. అందుకే మర్నాడే ఆ వీధిలో ఇంటింటికీ చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఊరెళ్లేవాళ్లు పోలీసులను అడిగి ఇంట్లో నిఘా కెమెరా పెట్టించుకునే ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) ఉంది. అలాంటి వీధుల్లో ముందు దాన్ని వాడాలి.

గస్తీ బండి ఒక్కో చోట 10-15 నిమిషాలు ఆగితే చాలు. అంతకుమించి నిలబడితే లాభం తగ్గుతుందని అమెరికాలోని మినియాపొలిస్ పరిశీలనలో 1995లోనే తేలింది. ఆగే చోట్ల వరస రోజూ మార్చాలి. గస్తీకి వచ్చినట్టు రాసుకునే పాయింట్ బుక్కులో రోజూ ఒకే వేళకు సంతకం పెడితే దొంగకూ ఆ వేళ తెలిసిపోతుంది.

కేసులు తగ్గాయంటే కిందటేడు అదే నెలతో పోల్చండి. వేసవికీ సంక్రాంతికీ ఇళ్లు ఖాళీ అవుతాయి. 112కు వచ్చిన కాల్స్ కూడా తగ్గాయో లేదో చూడండి. కాల్స్ అలాగే ఉండి కేసులు మాత్రం తగ్గితే, ఫిర్యాదులు నమోదవుతున్నాయా అన్నది ముందు తేల్చుకోవాలి.