వంటగది డిజైన్ నేర్చుకుంటున్న అల్లుడికి

అల్లుడా,

జమ్మికుంటలో మాడ్యులర్ కిచెన్ల పని మొదలుపెడుతున్నావని, కంప్యూటర్ కొని, డిజైన్లు గీసే స్కెచప్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు వాట్సాప్‌లో పంపిన బొమ్మ చూశాను. వెలుగు, నీడ, గట్టు మీద పండ్ల బుట్ట, అన్నీ బాగున్నాయి. కానీ ఆ బొమ్మ ముందు పెట్టుకుని ప్లైవుడ్ కోయమంటే కటింగ్ మిషన్ అతను నీ మొహం చూస్తాడు. పక్క చెక్క ఎక్కడ ఆగింది, అడుగు చెక్క ఎక్కడ మొదలైంది, వెనక షీటు ఎంత మందం, ఏదీ అందులో లేదు. ముందు కోసే ముక్కలు గీయడం నేర్చుకో. వాటిని కలిపితే వచ్చిన బొమ్మనే కస్టమర్‌కు చూపించు. నేను చెప్పేదంతా దీని చుట్టే.

బ్రౌజర్‌లో నడిచే ఉచిత స్కెచప్ నేర్చుకోవడానికి సరిపోతుంది. అది వ్యాపారానికి ఇచ్చింది కాదు, అదనపు పనుల కోసం తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, అంటే ఎక్స్‌టెన్షన్లు, కూడా అందులో ఎక్కవు. పని పట్టాక డబ్బు కట్టి డెస్క్‌టాప్ వెర్షన్ తీసుకో. కోసే ముక్కల జాబితా (కట్‌లిస్ట్) తీసే ఓపెన్‌కట్‌లిస్ట్ అనే ఎక్స్‌టెన్షన్ దానిలో ఉచితంగానే పడుతుంది. ఎవరో ఇచ్చిన క్రాక్ కాపీ మాత్రం వేయకు.

సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు గది సంగతి చూడు. నేల మీద టేపు ఒక్కసారి పరిచి ఆ అంకె కొడితే కంప్యూటర్ నిక్కచ్చిగా నాలుగు మూలల గది గీసి ఇస్తుంది. మన దగ్గర అలాంటి గది నేనైతే చూడలేదు. ప్లాస్టరింగ్‌లో గోడ పొట్ట ఉబ్బుతుంది, మూల కలవదు, నేల డ్రెయిన్ వైపు వాలి ఉంటుంది. అందుకే ప్రతి గోడనూ మూడు ఎత్తుల్లో కొలువు: నేల దగ్గర, గట్టు ఎత్తులో, పై డబ్బాల (గోడ అల్మారాల) ఎత్తులో. మూడింట్లో చిన్నదే నీ లెక్క. మూల నుంచి ఒక గోడ మీద మూడడుగులు, రెండో గోడ మీద నాలుగడుగులు గుర్తుపెట్టి, మధ్య దూరం ఐదడుగులు వస్తుందో లేదో చూడు. మీ తాత చేసిన పనే ఇది, కంప్యూటర్ వచ్చిందని మానకు. తేడా వస్తే గదిని ఆ వంకరతోనే గీయి. గోడకు ఆనే చోట 30 నుంచి 50 మి.మీ. ఫిల్లర్ పట్టీకి (సందు మూసే సన్న చెక్కకు) చోటు వదిలితే ఆ వంకర అందులో కలిసిపోతుంది. కొలత టైల్స్ వేశాకే తియ్యి, టైలూ దాని కింద మాలూ కలిపి గోడకు 20 మి.మీ. దాకా తింటాయి. కిటికీ, బీము, సజ్జ, స్విచ్ బోర్డు, నల్లా పాయింటు, డ్రెయిన్ అన్నీ గోడ మీద వాటి చోట్లలో పెట్టాకే మొదటి డబ్బా గీయాలి.

యూనిట్లు మిల్లీమీటర్లలో పెట్టుకో. కస్టమర్ అడుగుల్లో మాట్లాడతాడు, డ్రాయర్లు జారే చానెల్స్ అంగుళాల్లో అడుగుతారు, గ్రానైట్ చదరపు అడుగుల్లో కొంటాం. కటింగ్ మాత్రం మి.మీ.లోనే. ఒక సూత్ (అంగుళంలో ఎనిమిదో వంతు) అంటే మూడు మి.మీ. పైనే. షట్టర్ల (డబ్బా తలుపుల) మధ్య మనం వదిలే సందే అంత ఉండదు కొన్నిసార్లు.

ఇప్పుడు మందం. కొత్తవాళ్ల పని ఎక్కువగా ఇక్కడే చెడుతుంది, కాబట్టి నిదానంగా చదువు. ప్లైవుడ్ 18 మి.మీ. అని నువ్వు సాఫ్ట్‌వేర్‌లో 18 కొడతావు. బయట అంటించే 1 మి.మీ. లామినేట్ షీటు, లోపలి వైపు అంటించే 0.8 లైనర్ షీటు, మధ్యలో గమ్ము కలిస్తే ఆ చెక్క 20కి వస్తుంది. 600 వెడల్పు డబ్బాకు 18 చొప్పున రెండు పక్కలు తీసేసి అడుగు చెక్క 564 అని కోయించావనుకో. బిగించాక డబ్బా 604 అవుతుంది. అలాంటివి ఐదు వరసగా పెడితే 3000 ఉండాల్సిన చోట 3020. గోడ జరగదు కదా! అందుకని మందం కొలిచే వెర్నియర్ ఒకటి కొను. అంటించిన చెక్క ముక్కను నాలుగు చోట్ల కొలిచి, ఆ అంకెతోనే గీయి. అప్పుడు అడుగు చెక్క 560 అవుతుంది. డ్రాయర్‌కు టెలిస్కోపిక్ చానెల్ పక్కకు 13 చొప్పున పోతే డ్రాయర్ బయటి వెడల్పు 534. షట్టర్ తయారయ్యాక 597 ఉండాలంటే, రెండు అంచులకూ 2 మి.మీ. బ్యాండ్ (అంచు పట్టీ) వేసేటప్పుడు చెక్క 593కే కోయాలి. ఈ తీసివేతలు మనసులో చేయకు, డ్రాయింగ్‌లోనే కనపడాలి.

ప్రతి ముక్కనూ కాంపోనెంట్ చేసి పేరు పెట్టు. ఒకేలాంటి డబ్బాలు నాలుగుంటే ఒకటి మార్చగానే మిగతావీ మారతాయి. ఒక్కదాన్నే మార్చాలంటే ముందు మేక్ యునీక్ నొక్కాలి. లేకపోతే సింక్ కింది డబ్బాకు పైపు కోసం చేసిన కోత పప్పుల డబ్బాలో కూడా పడుతుంది.

నెట్‌లో దొరికే రెడీమేడ్ డబ్బాలు దించుకోకు. వాటిలో చాలావరకు అమెరికా కొలతలు, గట్టు 36 అంగుళాలకు వస్తుంది. అంత ఎత్తు గట్టు ముందు మీ అమ్మ రొట్టెలు చేయాలంటే భుజాలు పోతాయి. ఆ ఇంట్లో ఎక్కువ వండే మనిషిని మోచేయి మడిచి నిలబడమను. నేల నుంచి మోచేతికి కొలిచి 10–15 సెం.మీ. తగ్గించు, గట్టు ఎత్తు అదే. కాళ్లు 100, డబ్బా 720, గ్రానైట్ 20 అంటే 840 మి.మీ. ఆమెకు 810 కావాలంటే డబ్బాను 690 చేస్తే సరిపోతుంది, ఏ కంపెనీ కొలతా చెడదు. గ్రానైట్ ముందు అంచు లావుగా కనపడాలని కింద ఇంకో పట్టీ అంటిస్తారు, అది కూడా గీయి. గీయకపోతే పై డ్రాయర్ దానికి తగిలి బయటికి రాదు.

కస్టమర్ ఇంటికి వెళ్లినప్పుడు రంగుల సంగతి తర్వాత, ముందు గిన్నెలు చూపించమను. సంక్రాంతికి సకినాలు కాల్చే మూకుడు, పెద్ద గంజు, కుక్కర్, బియ్యం బస్తా, తొక్కు జాడీలు. మేడారం జాతర ఏడు వచ్చిందంటే మన వైపు ఇళ్లకు చుట్టాలు దిగుతారు, సజ్జ మీది పెద్ద గిన్నెలన్నీ కిందికి వస్తాయి. వాటిలో ఎత్తైనది కొలిచి కింది డ్రాయర్ గీయి. బొమ్మల్లో కనిపించే చెంచాల ట్రేలు చూసి మురిసిపోకు, కంచాలు పట్టని డ్రాయర్‌ను ఆ ఇల్లాలు రోజూ తిట్టుకుంటుంది. ఆగ్నేయం, పొయ్యి, తూర్పు ముఖం మాటలు ఎలాగూ వస్తాయి. ఉత్తరం గుర్తు మొదటిరోజే డ్రాయింగ్‌లో పెట్టుకుంటే తర్వాత అంతా తిరగేసే టెన్షన్ ఉండదు.

సిలిండర్ లోపల పెడతారా, బయట పెడతారా అడుగు. 14.2 కిలోల సిలిండర్ అడ్డం సుమారు 32 సెం.మీ. రెగ్యులేటర్ పెట్టాక మొత్తం ఎత్తు కొలిచి డబ్బా గీయి. గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే కిందే నిలుస్తుంది, కాబట్టి షట్టర్ కింది వైపున గాలి సందులు తప్పనిసరి.

అన్నీ మూసి ఉన్న బొమ్మను నమ్మకు. ప్రతి షట్టర్‌నూ, డ్రాయర్‌నూ తెరిచిపెట్టి ఇంకో కాపీ చేసుకో. ఎల్ ఆకారం కిచెన్లో మూల దగ్గర డ్రాయర్, పక్క గోడ డబ్బా హ్యాండిల్‌కు తగలడం నేను చాలా ఇళ్లలో చూశాను. హ్యాండిల్ ఎంత బయటికి వస్తుందో దానికంటే ఎక్కువ ఫిల్లర్ ఆ మూలలో ఉండాలి. ఫ్రిజ్ తలుపు గోడకు ఆనితే కూరగాయల ట్రే బయటికి రాదు, అదీ తెరిచి చూడు.

కట్‌లిస్ట్ తీసేటప్పుడు షీటు 2440 × 1220 అని, ప్రతి కోతలో రంపం ఎన్ని మి.మీ. తింటుందో మిషన్ అతన్ని అడిగి కొట్టు. చెక్క గీతల లామినేట్ అయితే గీత దిశ లాక్ చేయి. లాక్ చేయకపోతే షీట్లు తక్కువ చూపిస్తుంది, కానీ ఒక షట్టర్‌కు గీతలు నిలువు, పక్కదానికి అడ్డం వస్తాయి. సింక్ కింద ఐఎస్ 710 ముద్ర ఉన్న, నీటికి తట్టుకునే ప్లై వాడాలని జాబితాలోనే రాసిపెట్టు, షాపులో మారిపోకుండా.

బిగించే కుర్రాళ్లు మన భాష వాళ్లే అయి ఉండాలని లేదు. ఒక్కో గోడకు ఒక్కో డ్రాయింగ్, డబ్బాకు ఒక నంబర్, అదే నంబర్ ముక్క వెనక. కస్టమర్‌తో సంతకం కొలతలున్న కాగితం మీద పెట్టించు. రంగు మాత్రం లామినేట్ ముక్క చేతికిచ్చి ఒప్పించు, ఫోన్ స్క్రీన్ మీద చూపించిన రంగు ఏ షాపులోనూ దొరకదు.

ఈ వారం మీ ఇంటి వంటగదినే కొలిచి గీయి. మూడు ఎత్తుల కొలతలూ, మీ అమ్మ మోచేతి ఎత్తూ కాగితం మీద రాసి, కట్‌లిస్ట్‌తో కలిపి నాకు పంపు. రంగులేసిన బొమ్మ ఇప్పుడే వద్దు.

మీ మామ,
హన్మకొండ