కుక్కకూనల పొట్టలో నట్టలు: ఇంట్లో పసివాళ్లకు ముప్పుందా?

ప్రశ్న: మా కాపలా కుక్క ఈని నెల దాటింది. నాలుగు కూనలకూ పొట్టలు కుండల్లా ఉబ్బాయి. నిన్న ఒకటి తెల్లటి పొడుగాటి పురుగుల్ని కక్కింది. మా పసివాళ్లు రోజంతా వాటితోనే ఆడతారు. వాళ్లకూ అంటుకుంటుందా? మేకల నట్టల మందే కూనలకు తాగించవచ్చా?
– ఒక గిరిజన రైతు, పాడేరు మండలం, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: మేకల మందు తాగించకండి. వాటికి మామూలుగా వాడే ఆల్బెండజోల్ కుక్కల ఎముకల్లోని మూలుగను దెబ్బతీయవచ్చు. పైగా కిలో బరువుండే కూనకు అంచనాగా పోస్తే మోతాదు మించుతుంది. కూనలకు పైరాంటెల్ సిరప్ మేలు, కిలో బరువుకు 5 నుంచి 10 మి.గ్రా. సీసా సీసాకూ గాఢత మారుతుంది కాబట్టి కూనల్ని తూచి, ఎంత పోయాలో పశువైద్యుడినే అడగండి. పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేసినా చెబుతారు. 15 రోజులకోసారి రెండు నెలల వయసు దాకా, ఆపైన నెలకోసారి ఆరు నెలలు నిండేదాకా వేయాలి. తల్లికీ వాటితోపాటే వేయాలి. అది పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది గానీ, దాని కండల్లో దాగిన పిల్లపురుగులు చూలప్పుడు కదిలి కడుపులోని కూనలకు చేరతాయి, ఈనాక పాలతోనూ పోతాయి.

ఇక మీ పసివాళ్ల సంగతి. ఈ పురుగు పేరు టాక్సోకారా. మనుషులకూ సోకుతుంది, కానీ కూనను ముట్టుకున్నంత మాత్రాన కాదు. ఒక్క ఆడపురుగు రోజుకు లక్షకు పైగా గుడ్లు పెట్టగలదు. మలంతో పడ్డ గుడ్డు ఆ రోజు ఏమీ చేయదు. చెమ్మ నేలలో రెండు మూడు వారాలు ఉండి లోపల పురుగు తయారయ్యాకే ప్రమాదం. అప్పుడిక ఏళ్ల తరబడి బతుకుతుంది, ఫినాయిల్‌కూ చావదు. మన చేతిలో ఉన్న గడువు ఆ రెండు వారాలే! మూడు వారాల వయసు నుంచే కూనల మలంలో గుడ్లు పడతాయి. అంటే మీ వాకిట్లో పడినవి ఇప్పుడిప్పుడే ముదురుతున్నాయి. అందుకని కూనలు తిరిగే చోట పైమట్టిని ఇవాళే గీకి, లోతుగా గొయ్యి తీసి పూడ్చండి. ఇకనుంచి ఏ రోజు మలం ఆ రోజే ఎత్తండి. మందు వేశాక రెండు మూడు రోజులు పురుగులు కుప్పలుగా పడతాయి, వాటినీ పూడ్చాల్సిందే. పెంటకుప్పలోనో కూరపాదుల్లోనో వేయవద్దు.

మట్టి నోట్లో పెట్టుకునే పిల్లలను కనిపెట్టి ఉండండి. తినేముందు సబ్బుతో చేతులు కడిగించండి. మనిషి పేగులో ఈ పురుగు పెద్దదవదు; కాలేయం, ఊపిరితిత్తులు, ఒక్కోసారి కంట్లోకి పాకుతుంది. అందుకే మలపరీక్షలో దొరకదు. జ్వరం, దగ్గు తగ్గకపోయినా, ఒక కంటి చూపు మసకబారినా, మెల్లకన్ను వచ్చినా, కంటిపాప తెల్లగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో కుక్కకూనలున్నాయని డాక్టరుకు తప్పక చెప్పండి, ఏ రక్తపరీక్ష చేయాలో ఆ మాటతో తెలుస్తుంది. ఫిబ్రవరి, ఆగస్టుల్లో బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర మానవద్దు గానీ, ఆ ఒక్క మాత్ర దీనికి వైద్యం కాదు.

కూనల్ని ఊరవతల వదిలేయమని ఎవరన్నా చెబితే వినకండి. మందు లేకుండా తిరిగితే ఆ గుడ్లు ఊరంతా పడతాయి, మీ మేకలకు రేపటి కాపలా కూడా పోతుంది.