బిల్లీ హాలిడే గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికా జాజ్ గాయని బిల్లీ హాలిడే మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష బాగుంది, ఎక్కడా ఆగకుండా చదివించింది. అయితే చదవడం అయ్యాక ఆమె పడ్డ కష్టాలన్నీ వరసగా గుర్తున్నాయి కానీ, ఆమె ఎలా పాడుతుందో ఒక్క ముక్క తెలియలేదు. బాల్టిమోర్ పేదరికం, ఆడపిల్లల సంస్కరణాలయం, మత్తుమందులు, చెయ్యి చేసుకునే మగవాళ్లు, జైలు, ఆసుపత్రి. అన్నీ జరిగినవే. కానీ ఆ రోజుల్లో న్యూయార్క్‌లోని హార్లెంలో ఇలాంటి కష్టాలు పడ్డ నల్లజాతి ఆడపిల్లలు ఇంకెందరో ఉన్నారు. వాళ్లెవరి మీదా రాయకుండా ఈమె మీదే ఎందుకు రాశావో వ్యాసంలో కనపడాలి కదా.

అందుకని రాసింది పక్కన పెట్టి ముందు ఒక పాట విను. 1935 జులైలో పియానిస్టు టెడ్డీ విల్సన్ బృందంతో ఆమె పాడిన ‘వాట్ ఎ లిటిల్ మూన్‌లైట్ కెన్ డూ’. అప్పటికి ఆమెకి ఇరవై ఏళ్లు. క్లారినెట్ బెన్నీ గుడ్‌మన్, ట్రంపెట్ రాయ్ ఎల్‌డ్రిడ్జ్, శాక్సఫోన్ బెన్ వెబ్‌స్టర్. పాటలో విషయం పెద్దగా లేదు. వెన్నెల, ప్రేమ, నోట మాట రాకపోవడం, అంతే. ఆమె చేతికొచ్చే పాటలు చాలావరకు అలాంటివే. నల్లజాతి పేటల్లోని జూక్‌బాక్సుల (నాణెం వేస్తే పాట వినిపించే పెట్టెల) కోసం చవగ్గా, త్వరత్వరగా రికార్డు చేసేవాళ్లు. పాటకి ఇంత అని చేతిలో పెట్టేవాళ్లు, రాయల్టీ లేదు. మూడు నిమిషాల రికార్డులో వాయిద్యాల వంతు పోగా ఆమెకి దక్కేది కాసేపే.

చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నానన్నావు కాబట్టి తొడ మీద తాళం వేస్తూ విను. బ్యాండు పరుగెడుతూ ఉంటుంది. ఆమె మాట మాత్రం దెబ్బ పడ్డాక, తీరిగ్గా వస్తుంది. తాళం తప్పిందేమో అనుకునేలోపు పాదం చివర ఎక్కడో బ్యాండుని కలుసుకుంటుంది. తర్వాత ఆ పాటనే ఇంకెవరైనా ఉన్నదున్నట్టు పాడినది పక్కన పెట్టి పోల్చు. రాసిన వరసలోని ఎత్తుపల్లాల్ని ఈమె ఎలా చదును చేసిందో, ఎక్కడెక్కడ ఒకే స్వరం మీద నిలబడి మాట పలికిందో తెలుస్తుంది. ఆమె గొంతు పలికేది ఒక స్థాయి (స నుంచి పై స దాకా) కంటే కాస్త ఎక్కువ, అంతే. ఆ కాలపు గాయనులు ఎల్లా ఫిట్జెరాల్డ్‌కీ సారా వాన్‌కీ ఉన్న విస్తారం ఈమెకి లేదు. ఉన్న నాలుగు స్వరాల్లోనే ఏది వదిలెయ్యాలి, దేన్ని ఆలస్యం చెయ్యాలి అన్నది ఆమె ఎంచుకుంది. తాను పాడుతున్నట్టు కాదు, వాయిద్యం ఊదుతున్నట్టు అనుకుంటానని ఆమే చెప్పుకుంది. ట్రంపెట్ వాయిస్తూ పాడే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ రికార్డులు విని విని పట్టుకున్న విద్య అది. నువ్వేమో ‘బాధలోంచి పుట్టిన గొంతు’ అని ఒక్క వాక్యంతో దాటేశావు. బాధ అందరికీ ఉంటుంది తల్లీ, ఈ లెక్క ఆమెకే తెలుసు.

అన్నట్టు, ‘అమెరికా ఎమ్మెస్’ అన్న మాట కొట్టెయ్యి. ఇద్దరికీ అన్యాయమే.

రెండో సంగతి ఆమె ఆత్మకథ గురించి. నీ వ్యాసం మొదటి భాగమంతా 1956లో వచ్చిన ఆ పుస్తకం నుంచే వచ్చిందని తెలిసిపోతోంది. అది విలియం డఫ్టీ అనే పత్రికా రచయితతో కలిసి తయారుచేసినది. అమ్మానాన్నల పెళ్లినాటికి నాన్నకి పద్దెనిమిది, అమ్మకి పదహారు, తనకి మూడు అనే మాటతో మొదలవుతుంది. వినడానికి భలే ఉంటుంది. నిజానికి వాళ్లిద్దరికీ పెళ్లే కాలేదు, పైగా వయసులో తల్లే పెద్ద. ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ పాటకి వరస కట్టడంలో తన చెయ్యి ఉందన్నట్టు కూడా అందులో ఉంది. ఆ కవిత రాసి వరస కట్టింది బ్రాంక్స్‌లో బడిపంతులుగా పనిచేసిన ఏబెల్ మీరోపోల్. నల్లజాతి వాళ్లని మూక చంపి చెట్టుకి వేలాడదీసిన ఫోటో చూసి 1930లలో రాశాడు. ఈమె దగ్గరికి రాకముందే ఆ పాటని సభల్లో పాడేవాళ్లు.

అలాగని ఆత్మకథని అబద్ధమని పారెయ్యమనడం లేదు. ఎలియనోరా ఫేగన్ అనే అసలు పేరున్న ఈ పిల్ల, సినిమా తార బిల్లీ డవ్ పేరులోంచి సగం, గిటారు వాయించే తండ్రి క్లారెన్స్ హాలిడే పేరులోంచి సగం తీసుకుని తనకొక పేరు చేసుకుంది. అమ్మానాన్నలకి పెళ్లి చెయ్యడమూ అలాంటి పనేనని నాకనిపిస్తుంది. ఆమె చెప్పుకున్నదీ, కాగితాల్లో ఉన్నదీ రెండూ పక్కపక్కన పెట్టు. పాఠకుడికి ఆమె ఇంకా దగ్గరవుతుంది.

‘స్ట్రేంజ్ ఫ్రూట్’ భాగం మాత్రం పెంచు. నువ్వు రెండు పేరాల్లో ముగించావు, నాలుగు పేజీలకి సరిపడా సరుకుంది. 1938 చివర్లో బార్నీ జోసెఫ్‌సన్ న్యూయార్క్‌లో కెఫే సొసైటీ తెరిచాడు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి కూర్చోగలిగిన క్లబ్బు అది. అక్కడ ఆ పాట ఎప్పుడూ ఆఖర్నే. వెయిటర్లు వడ్డన ఆపెయ్యాలి. దీపాలన్నీ ఆర్పేసి ఆమె ముఖం మీద ఒక్క వెలుగు ఉంచేవాళ్లు. పాట అయ్యాక మొత్తం చీకటి. దీపాలు వచ్చేసరికి ఆమె ఉండేది కాదు, చప్పట్లు ఎంత కొట్టినా మళ్లీ వచ్చేది కాదు. ఇదంతా జోసెఫ్‌సన్ పెట్టిన పద్ధతి. ఆమెతో ఒప్పందమున్న కొలంబియా కంపెనీ ఆ పాట రికార్డు చెయ్యనంది. దాంతో మిల్ట్ గేబ్లర్ నడిపే కమొడోర్ అనే చిన్న కంపెనీకి 1939 ఏప్రిల్ 20న పాడింది. ఆ రికార్డుకి రెండో వైపున ఉన్న ‘ఫైన్ అండ్ మెలో’ ఆమె సొంత పాట. ఇన్ని వివరాలుండగా ‘అమెరికా అంతరాత్మను కుదిపేసింది’ అని ఎందుకు రాశావు? అది ఏ పాట గురించైనా రాయొచ్చు.

‘జాతివివక్షకు గురైంది’ అన్న వాక్యమూ అంతే. 1938లో ఆర్టీ షా నడిపే తెల్లవాళ్ల బ్యాండులో ఆమె ప్రధాన గాయని. న్యూయార్క్ లింకన్ హోటల్లో పాడటానికి వెళ్తే, సామాన్లు తీసుకెళ్లే లిఫ్టులో రమ్మన్నారు. కొన్నాళ్లకే ఆ బ్యాండు వదిలేసింది. అది రాస్తే చాలు. హోటల్ పేరు లింకన్ అని పాఠకుడే గమనిస్తాడు, నువ్వు వేలు పెట్టి చూపించకు.

జైలు సంగతి చెప్పేటప్పుడు ఒక ముఖ్యమైన ముక్క వదిలేశావు. 1947లో మత్తుమందుల కేసులో వెస్ట్ వర్జీనియాలోని ఆల్డర్సన్ జైలుకి పంపారు. విడుదలైన కొద్ది రోజులకే, 1948 మార్చి 27న, న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్ ఆమె కచేరీకి నిండిపోయింది. అయినా ఆ ఊళ్లో క్లబ్బుల్లో పాడటానికి వీల్లేదు. మద్యం అమ్మే చోట పాడాలంటే అప్పట్లో న్యూయార్క్‌లో పోలీసులిచ్చే క్యాబరే కార్డు ఉండాల్సి వచ్చేది, శిక్ష పడినందుకు అది పోయింది. పెద్ద హాల్లో వేలమంది ముందు పాడొచ్చు, వీధి చివర క్లబ్బులో వందమంది ముందు పాడకూడదు. ఆమె పెరిగింది, రోజూ డబ్బు చూసింది ఆ క్లబ్బుల్లోనే. ఆమె పతనానికి నువ్వు ‘విధి’ని కారణం చేశావు. విధి సంగతి తర్వాత, ముందు ఈ కార్డు సంగతి రాయి.

శాక్సఫోన్ వాయించే లెస్టర్ యంగ్‌తో స్నేహం, 1957 టీవీ కార్యక్రమం బాగా రాశావు. ముట్టుకోకు.

చివరగా 1958లో రే ఎల్లిస్ ఆర్కెస్ట్రాతో చేసిన ‘లేడీ ఇన్ శాటిన్’. గొంతు బొంగురుపోయింది, కొన్నిచోట్ల ఊపిరి చాలలేదు. అదే ఆమె గొప్ప రికార్డనేవాళ్లున్నారు, వినలేక మధ్యలో ఆపేసేవాళ్లూ ఉన్నారు. నాకైతే ఆ వయొలిన్ల గుంపు అడ్డం అనిపిస్తుంది, ఆమె కాదు. ఆ స్థితిలోనూ మాటని ఎంత వెనక్కి లాగి వెయ్యాలో ఆమెకి తెలుసు, 1935 పాట విన్న చెవికి అది వినిపిస్తుంది. నీకు వేరేలా అనిపిస్తే అలాగే రాయి, నాకోసం మార్చకు.

శీర్షిక ‘డెబ్బై సెంట్లు’ వద్దు. 1959 జులై 17న, నలభై నాలుగేళ్లకి పోయేనాటికి బ్యాంకులో అంతే ఉందన్నది అందరూ రాసేదే. ఒంటిమీద దాచుకున్న 750 డాలర్ల సంగతి కూడా కలిపి లోపల ఒక వాక్యం రాస్తే సరిపోతుంది. పత్రిక వాళ్లు గడువు ఇచ్చారన్నావుగా, టెన్షన్ పడకుండా ఒక వారం పాటలు విని, మొదటి భాగం మాత్రం తిరగరాసి పంపు. మిగతాది అది చూశాక మాట్లాడుకుందాం.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి