ఎయిర్ ఫ్రయర్‌లో చికెన్, కూరగాయలు: కొత్తగా వచ్చినవాళ్ళ సందేహాలకు నా జవాబు

కొత్తగా దేశం మారి వచ్చినవాళ్ళు ఈ మధ్య నన్ను వంట గురించి అడిగేవాటిలో సగం ఎయిర్ ఫ్రయర్ సందేహాలే. చికెన్ ముక్క బయట మాడిపోయి లోపల పచ్చిగా ఎందుకుంటోంది, కూరగాయలు వేగకుండా నీళ్ళోడి మెత్తబడుతున్నాయేంటి, పొగ వస్తే ఏం చెయ్యాలి, అసలు కొనాలా వద్దా. పని నుంచో క్లాసు నుంచో అలిసిపోయి వచ్చి, అరగంటలో ఓ మాదిరి మంచి భోజనం తయారు కావాలంటే దీన్ని మించింది లేదనే అంటాను. కాకపోతే బుట్టలో అన్నీ ఒకేసారి కుమ్మరించి బటన్ నొక్కితే పనైపోతుందనుకునేవాళ్ళకి మాత్రం అది ఎప్పటికీ సరిగ్గా రాదు.

ముందు అదేం చేస్తుందో తెలుసుకోండి. పైన ఓ హీటర్, దాని పక్కనో పైనో ఓ ఫ్యాన్, అంతే. వేడి గాలిని బుట్ట చుట్టూ గట్టిగా తిప్పే చిన్న ఓవెన్ అది. ముక్క పైభాగం తడిగా ఉన్నంతసేపూ ఆ వేడంతా నీటిని ఆవిరి చెయ్యడానికే ఖర్చవుతుంది, తడి ఆరాకే పైన రంగు తిరిగి కరకరలాడుతుంది. కాబట్టి ముక్కలు పొడిగా ఉండాలి, వాటి మధ్య గాలి ఆడాలి, ఒక్కో ముక్కకీ పల్చగా నూనె పట్టాలి. బుట్ట నిండా కుక్కితే ముక్కలు వేగవు, తమ ఆవిరిలోనే ఉడుకుతాయి. కూరగాయలు నీళ్ళోడడానికి కారణం చాలాసార్లు ఇదే.

వంటకి ముందు కరెంటు సంగతి, ఎందుకంటే దేశం మారినవాళ్ళకి మొదటి దెబ్బ ఇక్కడే. ఒక దేశంలో కొన్న ఎయిర్ ఫ్రయర్ని ఇంకో దేశానికి సూట్‌కేసులో పెట్టుకుని రాకండి. కొన్ని దేశాల్లో 220-240 వోల్టులు, అమెరికా, కెనడాల్లాంటి చోట్ల 120. ప్లగ్ అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మారుస్తుందే తప్ప వోల్టేజీని మార్చదు. ఇంకో మాట, చాలా ఎయిర్ ఫ్రయర్లు 1500 వాట్ల చుట్టుపక్కల లాగుతాయి. 120 వోల్టుల ఇంట్లో 15 ఆంపియర్ల లైనుకి గరిష్ఠంగా 1800 వాట్లే, అదే లైన్లో పక్కన మైక్రోవేవ్ కూడా వేశారంటే బ్రేకర్ పడిపోతుంది, ఆ లైన్లో కరెంటు పోయిందని టెన్షన్ పడి ఓనర్‌కి ఫోన్ చెయ్యకండి, ఒకదాని తర్వాత ఒకటి వాడుకోండి. ఎక్స్‌టెన్షన్ బాక్సుకి కాకుండా నేరుగా గోడ సాకెట్‌కే పెట్టండి. హాస్టల్లో ఉండేవాళ్ళు ముందుగా నియమాలు చదవండి, గదిలో ఇలాంటి వేడి చేసే వస్తువుల్ని చాలా హాస్టళ్ళు ఒప్పుకోవు.

డిగ్రీల గొడవ కూడా ఉంది. మీ మెషీన్ ఫారెన్‌హీట్‌లో ఉండి, మీరు చూసిన వంటకం సెల్సియస్‌లో ఉంటే 180 అన్న అంకెని అలాగే పెట్టేస్తారు. 180 ఫారెన్‌హీట్ అంటే 82 సెల్సియస్, దాంతో చికెన్ గోరువెచ్చగా కూర్చుంటుంది తప్ప వేగదు. గుర్తుకి ఇవి చాలు: 180 సెల్సియస్ అంటే దాదాపు 350 ఫారెన్‌హీట్, 190 అంటే 375, 200 అంటే 400.

ఇక చికెన్. కొత్తవాళ్ళు ఎక్కువగా బ్రెస్ట్ కొంటారు, కొవ్వు తక్కువ అని. నా సలహా మాత్రం ఎముక తీసిన తొడ ముక్కలే. బ్రెస్ట్‌లో కొవ్వు బాగా తక్కువ కాబట్టి రెండు నిమిషాలు ఎక్కువైతే చాలు, పీచులా ఎండిపోతుంది. తొడ మాంసం అలా కాదు, కాస్త ఎక్కువసేపు ఉన్నా రుచి పెరుగుతుందే తప్ప పాడవదు. చేయి తిరిగేవరకూ బ్రెస్ట్ జోలికి పోకపోవడం మంచిది.

ప్యాకెట్ విప్పగానే సింకులో పెట్టి కడిగే అలవాటు మనలో చాలామందికి ఉంది. దాన్ని ఇక్కడితో ఆపేయండి. పచ్చి మాంసం మీద నీళ్ళు పడితే ఆ తుంపర్లతో పాటు క్రిములు కూడా సింకు చుట్టూ, పక్కనున్న గిన్నెల మీద పడతాయి, కడిగినంత మాత్రాన చికెన్ మీద క్రిములు పోవు కూడా. వాటిని చంపేది వేడి. అమెరికా, బ్రిటన్ ప్రభుత్వ ఆహార భద్రతా సంస్థలు కూడా కడగొద్దనే చెబుతున్నాయి. పేపర్ టవల్‌తో గట్టిగా అద్ది, ఆ కాగితం పారేసి, చేతులు సబ్బుతో కడుక్కోండి. అద్దడం వల్ల ముక్క పొడిబారి రంగు కూడా బాగా వస్తుంది.

ఇద్దరికి సరిపడా కొలత చెబుతాను. అర కిలో తొడ మాంసం, ఒక్కో ముక్క నాలుగు సెంటీమీటర్లు ఉండేలా కోయండి. ఒక టీస్పూన్ ఉప్పు, కారం మీ ఇష్టం, కొంచెం పసుపు, మిరియాల పొడి, అల్లం వెల్లుల్లి ముద్ద ఒక స్పూను, నూనె ఒక టేబుల్ స్పూను. కలిపి పావుగంట పక్కన పెడితే చాలు, టైముంటే పొద్దున్నే కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. పెరుగు వేస్తే గట్టి పెరుగే వెయ్యండి, అదీ ముక్కకి పల్చగా పట్టేంతే. పల్చటి పెరుగు కిందకి కారి ట్రేలో మాడి పొగ పెడుతుంది. తేనె, పంచదార ఉన్న సాసులు ముందే పూయకండి, చివరి మూడు నిమిషాల్లో రాయండి, లేకపోతే లోపల ఉడికేలోగా పైన నల్లబడతాయి.

కూరగాయల్ని రెండు జట్లుగా చూడండి. బంగాళాదుంప, క్యారెట్ లాంటి గట్టివాటిని రెండు సెంటీమీటర్ల ముక్కలుగా కోస్తే చికెన్‌తో సమానంగా టైము తీసుకుంటాయి, అందుకని దాంతో పాటే వెయ్యొచ్చు. క్యాప్సికం, బ్రాకలీ, ఉల్లిపాయ, జుకీనీ లాంటివి పెద్ద ముక్కలుగా కోసి సగంలో వెయ్యాలి. వీటిని మొదట్లోనే వేస్తే చివర్లో బొగ్గు మిగులుతుంది. కడిగిన కూరగాయల్ని బాగా తుడిచి, కొద్దిగా నూనె, ఉప్పు పట్టించండి. ఆకుకూరలు మాత్రం వద్దు, ఫ్యాన్ గాలికి లేచి హీటర్‌కి అంటుకుంటాయి. ఫ్రీజర్‌లోని కూరగాయలైతే మంచు కరిగేదాకా ఆగక్కర్లేదు, అలాగే వెయ్యండి, ఓ మూడు నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతుంది, తాజావాటంత కరకరగా రావు కానీ ఓపిక లేని రోజున అవే దిక్కు.

మెషీన్ని 190 సెల్సియస్‌లో మూడు నిమిషాలు ఖాళీగా వేడెక్కించండి. అప్పుడు చికెన్, గట్టి కూరగాయలు ఒకే వరసలో పరిచి ఎనిమిది నిమిషాలు. బయటికి లాగి, కుదిపి లేదా పట్టకారుతో తిప్పి, మెత్తటి కూరగాయలు వేసి ఇంకో ఏడెనిమిది నిమిషాలు. ఒక్కో మెషీన్ ఒక్కోలా ఉంటుంది కాబట్టి మొదటిసారి చివరి నాలుగు నిమిషాలు కాస్త కనిపెట్టుకుని ఉండండి, మధ్యలో ఎన్నిసార్లు తెరిచి చూసినా ఫర్వాలేదు. ఒకే వరసలో పట్టకపోతే రెండు వాయిలుగా చెయ్యండి, మొదటి వాయిని చివర్లో రెండు నిమిషాలు మళ్ళీ వేడి చేసుకోవచ్చు. బద్ధకించి ఒకే వాయిలో కుక్కేస్తే మీకు టైము కూడా పెద్దగా కలిసిరాదు.

ఉడికిందో లేదో రంగు చూసి చెప్పకండి. తొడ మాంసం పూర్తిగా ఉడికినా ఎముక దగ్గర ఎర్రగా కనిపించొచ్చు, పసుపు, కారం పట్టిన ముక్క పచ్చిగా ఉన్నా ఉడికినట్టే కనిపిస్తుంది. వంట థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, ముక్కలో అన్నిటికంటే లావైన చోట గుచ్చితే 74 సెల్సియస్, అంటే 165 ఫారెన్‌హీట్ చూపించాలి. తొడ ముక్క 80 దాటితే ఇంకా మెత్తగా బాగుంటుంది. తీసాక ఐదు నిమిషాలు ఆగి తినండి. ఆ ఐదు నిమిషాల్లో ఓ నిమ్మకాయ పిండి, ఉల్లిపాయ తరుక్కోవచ్చు.

పొగ గురించి అందరికీ భయమే, పొగ అలారం మోగితే అపార్టుమెంటంతా బయటికి రావాల్సొస్తుందేమోనని. కారిన కొవ్వు వేడి ట్రే మీద పడి మాడడం వల్ల, నిన్నటి జిడ్డు కడక్కుండా ఉంచడం వల్ల పొగ వస్తుంది. చర్మంతో ఉన్న ముక్కలు వండేటప్పుడు, మీ మెషీన్ మాన్యువల్ ఒప్పుకుంటే, బుట్ట కింది ట్రేలో రెండు మూడు స్పూన్ల నీళ్ళు పొయ్యండి. మెషీన్ వెనక వేడి గాలి బయటికొచ్చే చోట గోడకి ఓ జానెడు దూరం వదలండి, చిమ్నీ ఫ్యాన్ వేసుకోండి. అలారం బ్యాటరీ పీకడం లాంటి తెలివితేటలు మాత్రం వద్దు. బుట్టలో వేసే కాగితం కూడా, దాని మీద బరువు లేకుండా ఖాళీ మెషీన్లో పెడితే ఎగిరి హీటర్‌కి తగిలి కాలుతుంది.

కొనాలా వద్దా అంటే, ఇంట్లో ఫ్యాన్ ఉన్న ఓవెన్ ఉండి నలుగురికి వండేవాళ్ళయితే నేను వద్దనే చెబుతాను, పెద్ద ట్రేలో ఒకేసారి అయిపోతుంది. ఒకరిద్దరికైతే కొనండి. కొనేటప్పుడు లీటర్లు కాదు, బుట్ట అడుగు ఎంత వెడల్పుందో చూడండి, లోతైన ఇరుకు బుట్టలో ఒకే వరస పరవడం కుదరదు. స్ప్రే డబ్బాల నూనె నాన్‌స్టిక్ పూతని పాడు చేస్తుంది, చేత్తో కలిపితే సరిపోతుంది. కడిగేటప్పుడు వేడినీళ్ళల్లో నానబెట్టి స్పాంజితోనే రుద్దండి, ఇనుప పీచు వద్దు.

మిగిలింది రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు నాలుగు రోజుల్లో తినెయ్యండి. మర్నాడు మైక్రోవేవ్‌లో పెడితే మెత్తగా సాగిపోతుంది, 180 సెల్సియస్‌లో నాలుగైదు నిమిషాలు ఇందులోనే పెట్టి, లోపలిదాకా పొగలు కక్కేంత వేడెక్కాక తినండి. కూరగాయల్ని మాత్రం చివరి రెండు నిమిషాలకే వెయ్యండి.