బేరింగ్ ఇరుక్కుపోతే ముందు సుత్తి పక్కన పెట్టండి

ప్రశ్న: సార్, మాది 1998 మోడల్ మారుతి 800, నాన్న కొన్న బండి, అమ్మబుద్ధి కావట్లేదు. ముందు ఎడమ చక్రం దగ్గర గుయ్యిమని సౌండ్ వస్తుంటే మెకానిక్ విప్పి హబ్ (చక్రం బిగించే భాగం) లాగాడు, బేరింగ్ కాస్తా ముక్కలై బాల్స్ అన్నీ కింద రాలాయి, లోపలి రేస్ (బాల్స్ తిరిగే స్టీలు రింగు) హబ్‌కి అతుక్కుని వచ్చింది, బయటి రేస్ నకిల్‌లోనే (బేరింగ్‌నీ హబ్‌నీ పట్టుకుని ఉండే దిమ్మలో) ఉండిపోయింది. ఎంత కొట్టినా కదలట్లేదు, నకిల్ మొత్తం మార్చేద్దాం అంటున్నాడు. వేరే దారి ఉందా?
- ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఉందండీ. నకిల్ మార్చాల్సిన పనేం లేదు, ముందు ఆ కొట్టడం ఆపించండి. బేరింగ్ రేస్ మామూలు ఇనుము కాదు, బాగా గట్టిపరిచిన స్టీలు, గట్టిదే కానీ పెళుసు, సుత్తితో నేరుగా కొడితే పెచ్చులు లేచి కంట్లో పడతాయి. పైగా దెబ్బలన్నీ ఒక పక్కనే పడితే రేస్ వంకర తిరిగి ఇంకా బిగుసుకుంటుంది, నకిల్ బోరు (రేస్ కూర్చునే గుండ్రటి రంధ్రం) గీసుకుపోతుంది. బోరు పాడైందా, అప్పుడు నిజంగానే నకిల్ మార్చాలి.

అసలు రేస్‌ని బోరు కంటే పిసరంత పెద్దగా చేసి ప్రెస్‌తో ఎక్కిస్తారు, అందుకే టైట్‌గా ఉంటుంది. సీల్ పాతబడి నీళ్లు దిగితే ఆ సందులో తుప్పు పడుతుంది, తుప్పేమో ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పట్టు ఇంకా పెరుగుతుంది. మీది సముద్రపు గాలి తగిలే ఊరు, పాత బండిలో ఇలా పట్టేయడం మామూలే.

నకిల్‌ని బండి మీద పెట్టుకుని కుస్తీ పట్టొద్దు, పూర్తిగా విప్పించండి. బ్రేక్ కాలిపర్‌ని దాని హోస్ మీద వేలాడనివ్వకుండా తీగతో కట్టండి. సీల్ పీకేశాక బోరు అంచంతా వైర్ బ్రష్‌తో శుభ్రంగా గీకి సర్‌క్లిప్ (బేరింగ్ జారకుండా పట్టే రింగు) లాంటిదేమైనా ఉందేమో వేలితో తడిమి చూడండి, తుప్పులో కలిసిపోయి కంటికి కనపడదు, అది ఉండగా ప్రెస్ చేస్తే నకిల్ పగిలే ప్రమాదం ఉంది. తర్వాత రేస్ చుట్టూ తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి.

మర్నాడు ఆ నూనె అంతా తుడిచేసి (లేకపోతే మంట అంటుకుంటుంది) నకిల్‌ని చుట్టూ సమంగా వేడి చేయాలి, రేస్‌ని కాదు. 60 మిల్లీమీటర్ల బోరుని 100 డిగ్రీలు అదనంగా వేడి చేస్తే సుమారు 0.07 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంటే ఒక కాగితం మందం కూడా ఉండదు, కానీ ఈ పనికి అదే చాలు. చుక్క నీళ్లు చల్లితే చుయ్యిమని ఎగిరిపోవాలి, అంతవరకే, ఎర్రగా కాల్చొద్దు, స్టీరింగూ బండి బరువూ మోసే పార్టు అది. వేడి మీదే లేత్ షాపులో హైడ్రాలిక్ ప్రెస్ కింద పెట్టి నెట్టించండి.

ప్రెస్ ఆనడానికి అంచు దొరక్కపోతే ఇంకో ఉపాయం ఉంది, నాకు బాగా నమ్మకమైనది ఇదే. రేస్ లోపలి వైపు, బాల్స్ తిరిగే గాడిలో, చుట్టూ వెల్డింగ్ లైను వేయించండి. వెల్డింగ్ చల్లారేటప్పుడు కుంచించుకుపోతూ రేస్‌ని లోపలికి లాగుతుంది, చాలాసార్లు చిన్నగా తడితే ఊడి వచ్చేస్తుంది. బోరుకి మాత్రం వెల్డింగ్ తగలకూడదు.

హబ్ మీద ఉన్న లోపలి రేస్‌ని ముందు పుల్లర్‌తో (పట్టి లాగే పనిముట్టుతో) ట్రై చేయండి, రాకపోతే గ్రైండర్‌తో ఏటవాలుగా గాటు పెట్టి, ఇంకా సన్నటి పొర మిగిలుండగానే ఆపి, ఆ గాట్లో ఉలి పెట్టి ఒక్కటివ్వండి, టక్కున చిట్లి వదులవుతుంది. హబ్ మీద గాటు పడకూడదు. కళ్లకి రక్షణ అద్దాలు లేకుండా ఈ పని ఎవరు చేస్తానన్నా ఒప్పుకోకండి.

కొత్తది ఎక్కించేటప్పుడు నకిల్‌లోకి నెట్టాలంటే బయటి రేస్ మీద, హబ్ దింపేటప్పుడు లోపలి రేస్ కింద సపోర్టు ఇవ్వాలి. నొక్కుడు బాల్స్ మీదుగా పోయిందంటే గాడిలో సొట్టలు పడి కొత్త బేరింగే కొన్నాళ్లకి మళ్లీ మోగుతుంది. రెండు బేరింగుల మధ్యలో, వాటిని ఎడంగా ఉంచే స్పేసర్ మర్చిపోవద్దు, రెండు బేరింగులూ సీల్సూ, యాక్సిల్ నట్టు ఊడకుండా పెట్టే స్ప్లిట్ పిన్నూ కలిపి మార్చేయండి. 800 తయారీ 2014లోనే ఆగిపోయినా ఇవి షాపుల్లో తేలిగ్గానే దొరుకుతున్నాయి. యాక్సిల్ నట్టుని మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి), చక్రం మీద బండి బరువు పడకముందే బిగించాలి.

ప్రశ్న: నా పాత కారులో 50 దాటితే గుయ్యిమంటోంది. టైరా, బేరింగా ఎలా తెలుస్తుంది?
- ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: ఖాళీ రోడ్డు మీద మెల్లగా కుడికి, ఎడమకి తిప్పి చూడండమ్మా. కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది, అప్పుడు సౌండ్ పెరిగితే ఎడమ బేరింగ్ మీద అనుమానపడాలి. రోడ్డు మారితే సౌండ్ మారుతోందంటే ఎక్కువగా టైరే. తర్వాత జాకీ ఎత్తించి, స్టాండు పెట్టించి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపమనండి. లూజు తెలిసినా, చేత్తో తిప్పితే గరగర వినపడినా హైవే ఎక్కకుండా మార్పించేయండి.