నార్మండీ తీరాల్లో రెండు రోజులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: వచ్చే సెప్టెంబరులో కుటుంబంతో పారిస్ వెళ్తున్నాం. 1944లో మిత్రరాజ్యాల సైన్యాలు దిగిన నార్మండీ తీరాలను చూడాలన్నది మా నాన్నగారి చిరకాల కోరిక. ఆయనకు 72 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. మాకున్నవి రెండే రోజులు. ఐదు తీరాలూ చూడగలమా?

జవాబు: కారులో తిరిగితే ఐదూ చూసినట్టే అవుతుంది గానీ, ఏదీ మనసుకు పట్టదు. పడమర నుంచి తూర్పుకు యూటా, ఒమాహా, గోల్డ్, జూనో, స్వోర్డ్ అనే ఈ ఐదు తీరాలు దాదాపు 80 కిలోమీటర్ల మేర పరుచుకుని ఉన్నాయి. వాటిలో ఒమాహాకు ఒక పూర్తి రోజు, గోల్డ్ తీరంలోని ఆరోమాంష్ పరిసరాలకు మరో రోజు కేటాయించి, మిగిలిన మూడింటినీ వదిలేయమని నా సలహా. బస బాయూ పట్టణంలో పెట్టుకోండి. పారిస్ సాన్ లజార్ స్టేషన్ నుంచి రైలు ఉంది. 1944 జూన్ 7న విముక్తి పొందిన ఆ ఊరు యుద్ధంలో పెద్దగా దెబ్బతినలేదు కాబట్టి పాత వీధులు ఇప్పటికీ చెక్కుచెదరకుండా కనిపిస్తాయి. అక్కడి నుంచి తీరాలకు బస్సులు తక్కువ. అద్దె కారు గానీ, గైడుతో సహా వచ్చే వ్యాను గానీ ముందే మాట్లాడుకోవాలి.

బయలుదేరే ముందు ఆటుపోట్ల వేళలు తప్పక చూసుకోండి. ఒమాహాకు పోటు వేళ వెళ్తే సన్నటి ఇసుక పట్టీ, దాని వెనుక పచ్చటి గట్టు కనిపిస్తాయి, అంతే. సముద్రం బాగా వెనక్కి తగ్గిన వేళ వెళ్తే, ఆ జూన్ 6 ఉదయం ఆరున్నరకు పడవల్లోంచి దిగిన అమెరికన్ సైనికుల ఎదుట ఏముందో మీకే తెలుస్తుంది: సుమారు 300 మీటర్ల బయలు, దాక్కోవడానికి చెట్టూ చేమా లేదు, ఎదురుగా ఎత్తైన గట్టు మీద మర తుపాకులు. జర్మన్లు నీటిలో పాతిన, మందుపాతరలు కట్టిన దుంగలూ ఇనుప అడ్డంకులూ పోటు వేళ మునిగిపోయి పడవలను పేల్చేస్తాయి కనుక, అవి బయటపడి ఉండే ఆటు వేళనే సేనలను దింపాలని నిర్ణయించారు. పడవలను కాపాడిన ఆ నిర్ణయమే మనుషులను అంత దూరం తుపాకుల ముందు నడిపించింది. ఈ సంగతి ఎన్ని పుస్తకాలు చదివినా అర్థం కాకపోవచ్చు; నీటి అంచున నిలబడి గట్టు వైపు తిరిగి చూస్తే అర్థమవుతుంది. నాన్నగారు అంత దూరం నడవలేకపోతే, తీరం వెంబడి రోడ్డు పక్కన నిలబడినా ఆ దూరం కళ్లకు కడుతుంది.

ఆ తర్వాత గట్టు మీద కోల్‌విల్ గ్రామం దగ్గరున్న అమెరికన్ సమాధుల ప్రాంగణానికి వెళ్లండి. ప్రవేశ రుసుము లేదు. 9,380కి పైగా తెల్లని పాలరాతి శిలువలు, యూదు సైనికులకు గుర్తుగా దావీదు నక్షత్రాలు వరుసలు తీరి ఉంటాయి. దేహం దొరకని 1,557 మంది పేర్లు విడిగా గోడపై చెక్కారు. సాయంత్రం ద్వారాలు మూసే ముందు జెండా దించే సమయానికి అక్కడ ఉండేలా చూసుకోండి. అదే దారిలో ఉన్న పోయింట్ డ్యు ఓక్ కొండకొమ్మును అమెరికన్ మెరుపుదాడి దళమైన రేంజర్ దళం తాళ్లతో ఎక్కింది. ఆ నేలంతా ఇప్పటికీ బాంబు గోతులతో ఎగుడుదిగుడుగా ఉంటుంది కనుక, నాన్నగారిని చదునైన బాట దాటనివ్వకండి.

సమయం మిగిలితే లా కాంబ్‌లోని జర్మన్ సమాధులకు కూడా వెళ్లమని ప్రత్యేకంగా కోరుతున్నాను. 21,000 మందికి పైగా అక్కడ ఉన్నారు. పుట్టిన సంవత్సరాలు చదువుతుంటే ఎంతోమంది ఇరవై ఏళ్లు కూడా నిండనివారని తెలుస్తుంది. వారు ఏ పాలన కోసం పోరాడారో మరిచిపోకుండానే ఆ వయసులకు బాధపడవచ్చు.

రెండో రోజు ఆరోమాంష్‌లో, సేనలకు సరుకు అందించడానికి ఇంగ్లండులో తయారుచేసి సముద్రం మీదుగా లాక్కొచ్చిన కృత్రిమ రేవు తాలూకు కాంక్రీటు దిమ్మెలు నేటికీ నీటిలో నిలిచి ఉండడం చూడవచ్చు. ఒమాహా దగ్గర కట్టిన ఇలాంటి రేవే జూన్ 19న మొదలైన తుపానులో ధ్వంసమైంది. సమీపంలోని లాంగ్ సుర్ మేర్ ఫిరంగి స్థావరంలో తుపాకులు వాటి కాంక్రీటు గూళ్లలోనే ఉన్నాయి. తిరుగుదారిలో బాయూలోని బ్రిటిష్ సమాధుల దగ్గర ఆగి, రాళ్ల అడుగున కుటుంబాలు ఎంచుకుని చెక్కించిన వాక్యాలను నిదానంగా చదవండి. కాలు నొప్పి ఉన్నవారికి కూడా ఆ చదును నేల అనుకూలం.

యుద్ధమంటే సైనికులది మాత్రమే కాదు. నార్మండీలో సుమారు 20,000 మంది పౌరులు చనిపోయారు. కాన్, సాన్-లో అనే పట్టణాలు బాంబులకు నేలమట్టమయ్యాయి. ఫలేజ్‌లో 2016లో తెరిచిన మ్యూజియం పూర్తిగా పౌరుల కథకే అంకితమైంది. మూడో రోజు వీలు చిక్కితే అక్కడికే వెళ్లండి.

ప్రశ్న: తీరంలో దొరికే తూటా ముక్కలు, ఇనుప తునకలు జ్ఞాపకంగా తెచ్చుకోవచ్చా?

జవాబు: వద్దు. అక్కడ పేలని మందుగుండు ఇప్పటికీ బయటపడుతూనే ఉంది. అనుమానంగా ఏది కనిపించినా ముట్టుకోకుండా దూరంగా జరిగి 112కు ఫోన్ చేయాలి. అనుమతి లేకుండా లోహ శోధక యంత్రాలతో చారిత్రక వస్తువులను వెతకడం ఫ్రాన్సు చట్టం ప్రకారం నేరం.

ప్రశ్న: ఫ్రాన్సులో మన భారతీయ సైనికుల స్మారకం ఉందని విన్నాను. అది నార్మండీలోనే ఉందా?

జవాబు: కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఐరోపా గడ్డపై భారతీయ డివిజన్లు ప్రధానంగా ఇటలీలో పోరాడాయి. మీరు విన్నది మొదటి ప్రపంచ యుద్ధానికి చెందిన నవ్ షపెల్ స్మారకం. ఉత్తర ఫ్రాన్సులో, లీల్ నగరానికి నైరుతి దిక్కున ఉంది. 1915 మార్చి 10న అక్కడ మొదలైన పోరులో భారతీయ దళాలు ముందు వరుసలో ఉన్నాయి. హెర్బర్ట్ బేకర్ రూపకల్పన చేసిన ఈ కట్టడాన్ని 1927లో ఆవిష్కరించారు. తామర శిరస్సుతో ఎత్తైన స్తంభం, దానికి ఇరువైపులా రాతి పులులు, వలయాకారపు గోడపై సమాధి లేని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు ఉంటాయి. బ్రిటిష్ అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ పొందిన గఢ్వాల్ రైఫిల్స్ సైనికుడు గబర్ సింగ్ నేగీ పేరు కూడా అందులో ఉంది. పేర్లను రెజిమెంట్ల వారీగా చెక్కారు కనుక, మీ పూర్వీకుల్లో ఎవరి పేరైనా వెతకదలిస్తే వారి రెజిమెంటును ముందే కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం వెబ్‌సైటులో చూసి రాసుకుని వెళ్లండి.