చిట్టీ, యూరిన్ బ్యాగు సంగతి

చిట్టీకి,

పర్లాకిమిడి పెద్దాసుపత్రిలో మగవాళ్ల మెడికల్ వార్డులో నర్సుగా చేరుతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఎంత పొంగిపోయానో అంత గుబులూ పట్టుకుంది. జ్వరమనో పక్షవాతమనో వచ్చిన మనిషికి అది తగ్గుముఖం పట్టాక, మన చేతుల మీదుగా అంటుకున్నదానితో ప్రాణం మీదకి వస్తే ఆ ఇంటివాళ్లకి ఏమని చెప్తాం?

చేతుల సంగతి నువ్వు చదువుకున్నదే. శానిటైజరైతే 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్లైతే 40 నుంచి 60. మురికి కంటికి కనబడినా, విరేచనాల రోగి అయినా సబ్బే. గ్లౌజులు వేసుకున్నాను కదా అని కడుక్కోవడం మానకు. సూదికి మళ్లీ మూత పెట్టకు. నరానికి పెట్టిన కాన్యులా గొట్టం మూతిని స్పిరిట్ స్వాబుతో 15 సెకన్లు గట్టిగా రుద్ది, ఆరాకే మందు ఎక్కించు. షిఫ్టు మారినప్పుడల్లా ఆ చోట ఎరుపు, వాపు ఉన్నాయేమో చూడు.

నాకు అసలు దడ పుట్టించేది మూత్రాశయంలోకి వేసి బ్యాగుకి కలిపే యూరిన్ పైపు. గాజు సిరంజిలు మరగబెట్టే రోజులు పోయాయి, అన్నీ వాడి పారేసేవే వచ్చాయి. ఈ పాత తప్పు మాత్రం ఏ వార్డునీ వదల్లేదు. రోగిని ఎక్స్‌రేకి తీసుకెళ్లాలనగానే బ్యాగు ఎత్తి అతని పొట్ట మీదో కాళ్ల మధ్యో పడేస్తారు. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి రిఫర్ చేస్తే అంబులెన్సులో దారి పొడుగునా అలాగే. గంటల తరబడి నిలవున్న మూత్రంలో క్రిములు పెరిగి ఉంటాయి. బ్యాగు మూత్రాశయం కన్నా పైకి లేచిందంటే అది వెనక్కి పారుతుంది. మూత్రం వెనక్కి రాకుండా బ్యాగులో వాల్వు ఉంది కదా అంటారు. అది ఉండేది బ్యాగు మూతి దగ్గర. గొట్టంలో నిలిచిన మూత్రాన్ని అదేం ఆపుతుంది? అందుకని కదిలించే ముందే బ్యాగు ఖాళీ చేసి, ట్రాలీ పక్క కమ్మీకి కిందుగా తగిలించు. ఒక్క క్షణం ఎత్తక తప్పకపోతే గొట్టం క్లాంపు చెయ్యి, దించిన వెంటనే తీసెయ్యి. తీయడం మరిచిపోతే మూత్రం బిగుసుకుపోయి అతను అల్లాడిపోతాడు.

బ్యాగు కిందుండాలి గానీ నేలకి తగలకూడదు. మూడింట రెండొంతులు నిండకముందే వంచెయ్యాలి. ఒకే మగ్గు పట్టుకుని మంచం మంచానికీ తిరగడం చూశావంటే అక్కడే ఆపించు. రోగికొక మగ్గు, రోగికి రోగికి మధ్య కొత్త గ్లౌజులు, కడిగిన చేతులు. బ్యాగు కుళాయి మగ్గు అంచుకి తగలనివ్వకు. టెస్టుకి మూత్రం బ్యాగులోంచి పట్టకు, గొట్టానికున్న పోర్టుని స్పిరిట్‌తో తుడిచి సిరంజితో తియ్యి. పైపుకీ బ్యాగుకీ ఉన్న అతుకు ఎన్నడూ విప్పకు. కొండమీది సవర ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు రోగి దగ్గరే ఉండి సేవ చేస్తారు, బ్యాగూ వాళ్లే ఎత్తుతారు. కసురుకోకు. వాళ్ల భాష తెలిసినవాళ్లని పిలిచి, బ్యాగు ఎక్కడ వేలాడాలో చేత్తో చూపించి చెప్పించు.

వీటన్నిటికన్నా పెద్ద తప్పు, అక్కర తీరాక కూడా పైపు ఉంచెయ్యడం. పైపు లోపల ఉన్న ఒక్కో రోజుకీ మూత్రంలో క్రిములు చేరే అవకాశం 3 నుంచి 7 శాతం దాకా పెరుగుతుంది. పైపు గోడకి జిగురు పొరలా పట్టేసిన క్రిముల్ని యాంటీబయాటిక్ కదిలించలేదు. పక్క తడుపుకుంటున్నాడని పైపు వేయించకు. మగవాళ్ల వార్డే కదా, యూరినల్ సీసా ఉంది, పైన తొడిగే కండోమ్ క్యాథెటర్ ఉంది. మూత్రం బిగుసుకుపోయినవాడికి, గంట గంటకీ కొలవాల్సినంత ప్రమాదంలో ఉన్నవాడికి పైపు వెయ్యాల్సిందే. మిగతావాళ్ల గురించి పొద్దున రౌండ్లలో ప్రతి మంచం దగ్గరా డాక్టరుగారిని అడుగు, “సార్, ఈ పైపు ఇవాళ ఇంకా కావాలా?” అని. విసుక్కుంటే విసుక్కోనీ, రేపూ అడుగు. నీకు పని తగ్గుతుందని మాత్రం పైపు ఉంచావో, నాతో మాట్లాడకు!

కోప్పడ్డానని బాధపడకు తల్లీ. ముంజేతికి గాజులూ, వేలికి ఉంగరమూ డ్యూటీలో వద్దు. మీ అమ్మ ఒప్పుకోకపోతే నేను చెప్తాలే. కడిగి కడిగి చేతులు పగులుతాయి, రాత్రి పడుకునే ముందు కొబ్బరినూనె రాసుకో. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ అయ్యాయా? మొదటిది పడ్డ నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది పడాలి. మూడోది అయ్యాక ఒకటి రెండు నెలల్లో, టీకా పట్టిందో లేదో చూసే యాంటీబాడీ టెస్టు చేయించుకో, 10 పైన రావాలి. ఆ కార్డు ఫొటో తీసి ఈ వారంలోనే నాకు పంపు.

మీ అత్త